డెల్టా దారులు (ఏడవ భాగము): కృష్ణా కెనాల్ జంక్షను

గడచిన భాగమున బెజవాడ ఆనకట్టను, దాని రెండు కొసలనుండి బయలువెడలిన కాలువలను గూర్చి చెప్పుకొంటిమి. ఆ కాలువలలో పశ్చిమడెల్టాకు నీరు మోయు ప్రధానకాలువ సీతానగరపు కొండపాదమున నదిని విడిచి దక్షిణమునకు తిరిగిన కొలది దూరములోనే, తాడేపల్లి పొలిమేరను, ఒక రైలుస్టేషను కలదు. విజయవాడనుండి కృష్ణవంతెన దాటి వచ్చిన బండికి ఇది మొదటి స్టేషను. ఇక్కడనుండి ఒక దారి దుగ్గిరాల, తెనాలి మీదుగా మదరాసునకును, మరియొక దారి మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరునకును చీలిపోవును. పెద్దబండ్లలో ప్రయాణించువారు కృష్ణా కెనాల్ జంక్షనను పేరును వంతెనకు ముందు సిగ్నలుకొరకు బండి నిలిచినపుడు చదువుదురు. బండి కదలగానే మరచిపోవుదురు. ఆవలియొడ్డున పది ప్లాట్‌ఫారములతో అహోరాత్రములు మ్రోయుచుండు మహాజంక్షను చెంత ఈ చిన్నస్టేషను కంటికి ఆనకపోవుటలో ఆశ్చర్యము లేదు. కాని రైలు అసలు కృష్ణయొడ్డునకు ఏల వచ్చెనను ప్రశ్న వేసికొన్నవారికి సమాధానము ఈవలియొడ్డుననే దొరకును. ఆ సమాధానము కరువుతోను, బియ్యముతోను ముడిపడియున్నది.

నందననామ సంవత్సరమున, అనగా 1832, 33లలో, గుంటూరు మండలమును పట్టిన క్షామము ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టినది. నిండుకృష్ణ సముద్రమున కలియుచుండగా, ఆ నది గట్టుననే జనులు గింజ దొరకక మరణించిరి. ఆ దుఃస్మృతి ఆనకట్టకు బీజమైనది. ఆర్థర్ కాటన్ ప్రబోధమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమైన పని 1855లో ముగిసెను. పిమ్మట ఇరువదియేండ్లు తిరుగకమునుపే జొన్నచేలు వరిమళ్లుగా మారినవి, గాదెలు నిండినవి, తమ తిండికి పోగా ఇతరులకు పంపదగినంత ధాన్యము మిగులు దేశముగా డెల్టా పేరుపొందినది.

అంతలో 1876లో ధాత కరువు వచ్చెను. వరుసగా వానలు తప్పి, బళ్లారి, కర్నూలు, కడప మండలములలో నేల బీటలువారి, లక్షలజనము నశించిన ఆ మహాక్షామకాలమున కృష్ణా, గోదావరీ డెల్టాలలో కాలువనీటి పుణ్యమున పైరు నిలిచినది. ఒకచోట ధాన్యము కలదు. వేరొకచోట ఆకలి కలదు. నడుమ నల్లమల యున్నది. ఆ కొండలను దాటి బియ్యము చేరవేయుటకు ఎడ్లబండి తప్ప గత్యంతరము లేదు. సుభిక్షకాలమున ఎడ్లబండి చాలును గాని, కరువుకాలమున దారిపొడవున మేత లేక, త్రాగుటకు నీరు లేక ఎద్దులే ముందుగా పడిపోవును. అంతదూరము పోయినను, బండిలోని బియ్యపు ధర దారిఖర్చుతోనే పేదవాని అందుబాటును మించిపోవును. పంట పండించు విద్య ఆనకట్టతో చేతికి వచ్చినను, పండినదానిని ఆకలిగొన్నవానియొద్దకు చేర్చు సాధనము లేకపోయెనను కఠోరసత్యమును ఆ రెండుమూడేండ్లు ప్రభుత్వమునకు నేర్పినవి. అంత వెల చెల్లించి నేర్వవలసిన పాఠమా యని నేటికిని మనస్సు కలతపడును.

క్షామమును విచారించుటకు సర్ రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1880లో నివేదిక సమర్పించుచు, లాభము వచ్చునా రాదాయని లెక్కచూచుకొని వేయు రైలుమార్గములు వేరు, ప్రాణరక్షణకై వేయవలసిన మార్గములు వేరు అని విభజించి, రెండవ తరగతివానిని ప్రభుత్వము తన బాధ్యతగా చేపట్టవలెనని సూచించెను. ఆ క్షామరక్షణ మార్గములలో ఒకటి బళ్లారి-కృష్ణా స్టేట్ రైల్వే. మదరాసు రైల్వేవారి దారి 1871నాటికే గుంతకల్లు మీదుగా రాయచూరును చేరి బొంబాయి మార్గముతో కలిసియుండెను. ఆ గుంతకల్లునుండి తూర్పుగా ద్రోణాచలము, నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురము, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా కృష్ణయొడ్డువరకు మీటరుగేజి పట్టాలు పరచిరి. నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల అడ్డుపడగా కొండను తొలిచి సొరంగము చేసి, దొరబావి కడ లోతైన లోయమీద ఇనుపవంతెన కట్టిరి. దట్టమైన అడవిలో, చలిజ్వరములు ప్రబలిన సీమలో, కొండరాతిని చేతిపనితో పగులగొట్టిన కూలీల పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. మార్గమును నడపు అధికారము సదరన్ మరాఠా రైల్వేకు సంక్రమించెను.

ఈ మార్గపు పేరులోని రెండు కొసలను చూచినచో దాని ఉద్దేశము తెలియును. ఒక కొస ధాత కరువున మాడిన బళ్లారి. రెండవ కొస నీరుగల కృష్ణ. పట్టాలు నదిని సమీపించినచోట, వాని పక్కనే కాలువయు, కాలువలో పడవలును సిద్ధముగా నుండినవి. ఆ రోజులలో కాలువయనగా పొలమునకు నీరు పెట్టుటకు మాత్రమే గాక, బాటగా కూడ పనికివచ్చెడిది. సీతానగరమునుండి దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ దక్షిణమున పెదగంజాము చేరి, ధాత కరువునాటి కూలిపనులతో పూర్తియై నాటి మదరాసు గవర్నరు పేరు దాల్చిన బకింగ్‌హాం కాలువతో కలిసి, మదరాసువరకు అవిచ్ఛిన్నమైన జలమార్గము నేర్పరచెను. ఆవలియొడ్డున ఏలూరు కాలువ గోదావరీకాలువలతో కలియుచుండెను. రైలు రాకమునుపు ఈ దేశపు సరకు, జనము, ఉత్తరములు, పెండ్లివారు, అందరును పడవలమీదనే సాగిరి.

ఆ ప్రయాణపు తీరు నేటివారికి తెలియుటకు సీతానగరపు లాకులయొద్ద ఒక పడవ ఎట్లు నదిలోనికి ఎక్కెడిదో కొంచెము వివరించెదను. కాలువమట్టము క్రిందను, ఆనకట్టకు ఎగువనున్న నదిమట్టము పైనను ఉండును. గట్టువెంట ఇద్దరు ముగ్గురు మనుష్యులు తాడు భుజమున వేసికొని లాగుచుండగా, సరంగు చుక్కాని పట్టియుండగా, ధాన్యపు బస్తాలతో బరువెక్కిన పడవ రెండు జతల తలుపుల నడుమనున్న రాతికట్టడపు తొట్టిలోనికి మెల్లగా చొచ్చును. వెనుకతలుపులు మూసివేయుదురు. లాకుల కావలివాడు పైతలుపులలోని చిన్నతూములను ఎత్తగా నదినీరు సుడులు తిరుగుచు లోపలికి దూకును. పడవ అటునిటు ఊగుచు, తాళ్లు కిఱ్ఱుమనుచుండ, గోడమీది తడిచారలు ఒక్కొక్కటిగా నీట మునుగుచుండ పైకి లేచును. లోపలి నీరు నదితో సమమైన పిదప, అంతవరకు ఏనుగుబలముతో బిగిసియున్న ఆ పైతలుపులను ఇద్దరు మనుష్యులు త్రోసి తెఱచెదరు. పడవ నదిలోనికి సాగిపోవును. ఇంతపనికి పట్టు కాలము కొంచెమే గాని, ముందు వచ్చిన పడవల వరుస ఉన్నచో గట్టుమీద వంటలు చేసికొని, పడుకొని లేచి, తమ వంతు వచ్చువరకు వేచియుండవలసినదే. ఈ పడవలు తెచ్చు డెల్టాధాన్యమును కొండలకావలి మెట్టసీమకు మోయుటకు రైలు రాగలిగిన స్థలమిది. అందుచేతనే స్టేషనునకు సమీపగ్రామమైన తాడేపల్లి పేరు గాక కాలువపేరు నిలిచినదని నా అభిప్రాయము.

వంతెన సిద్ధమగువరకు దక్షిణమునుండి వచ్చిన బండికి ఏటియొడ్డే తుది మజిలీ. ఆవలియొడ్డునకు 1889లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారు సికిందరాబాదునుండి, వరంగల్లు మీదుగా పెద్దగేజి పట్టాలు తెచ్చిరి. 1890 తరువాతి సంవత్సరములలో ఈస్టుకోస్టు స్టేట్ రైల్వే బెజవాడనుండి ఈశాన్యముగా కటకమువరకు సాగినది. మూడుదిక్కులనుండి వచ్చిన దారులను ఒక్కటిచేయుటకు ఇంద్రకీలాద్రికిని సీతానగరమునకును దిగువగా కృష్ణమీద ఇనుపగడ్డరుల వంతెన వెలసెను. 1899లో బెజవాడ-మదరాసు పెద్దగేజి మార్గము పూర్తియగుటతో, గుంటూరునుండి వచ్చు మీటరుగేజి దారియు, తెనాలినుండి వచ్చు పెద్దగేజి దారియు వంతెనకు ముందు ఇక్కడ కలిసినవి. కరువు నివారణకై వచ్చిన రైలుదారి చివరిమజిలీ, కలకత్తా-మదరాసు రాజమార్గముమీది కూడలి అయినది.

ఈ రెండు గేజిల సహవాసము దాదాపు శతాబ్దము సాగినది. 1676 మిల్లీమీటర్ల వెడల్పుగల పెద్దదారి యొకటి, 1000 మిల్లీమీటర్ల చిన్నదారి యొకటి. ఒకదాని పెట్టె మరియొకదానిమీద నడువదు. గేజి మారు కూడళ్లలో సరకునంతను ఒక పెట్టెనుండి దించి వేరొక పెట్టెలో ఎత్తవలసివచ్చెడిది. ఎదురెదురుగా నిలిపిన రెండు వ్యాగనుల నడుమ పలకవేసి, హమాలీలు కొక్కెముతో బస్తాచెవి పట్టి వీపుమీదకు దొర్లించుకొని, మోకాళ్లు వంచి, ఆ పలకమీద పరుగువంటి నడకతో దాటుచుండిరి. చినిగిన గోనెలనుండి రాలిన గింజలను ఏరుకొనుటకు పేదస్త్రీలు చేటలతో కాచుకొనియుండెడివారు. ఒక దేశములో రెండు గేజిలు పెట్టిన నిర్ణయమువలన తొలుత మిగిలిన సొమ్ము, తరతరముల హమాలీల వెన్నులమీదనుండి తిరిగి వసూలైనదని చెప్పుటకు నేను సంకోచింపను.

1908లో మదరాసు రైల్వేయు, సదరన్ మరాఠా రైల్వేయు ఏకమై మదరాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయ్యెను. మన పెద్దలు ఎం.ఎస్.ఎం. రైల్వే యని పిలిచినది దీనినే. ఆ కాలముననే బెజవాడనుండి బందరునకు మీటరుగేజి శాఖ పడుటచే, పడమటికనుమల కావలి మార్మగోవా రేవునుండి బందరు తీరమువరకు ఒకే గేజిమీద దారి యేర్పడినది; ఆ దారిలో కృష్ణదాటు బండి కృష్ణా కెనాలును తాకక పోజాలదు. 1916లో గుంటూరు, తెనాలి, రేపల్లెలను కలుపు దారి పడినది. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసుసంఘము సమావేశమైనపుడు గుంటూరుసీమనుండి తరలివచ్చిన జనమునకు, 1942 ఆగస్టులో తెనాలిస్టేషను తగులబడి, కాల్పులలో ఏడుగురు ప్రాణములర్పించిన దినములలో దక్షిణపువార్తలకై ఎదురుచూచిన బెజవాడవారికి, ఏరుదాటు దారి ప్రధానముగా ఈ పట్టాలే.

ఏలయనగా 1957వరకు బెజవాడకడ కృష్ణమీద రోడ్డువంతెన లేదు. ఈ విషయము నేటి యువకులకు నమ్మశక్యముగా తోచదు. గుంటూరునుండి బెజవాడకు పోవలెనన్న రైలెక్కవలెను. కాదన్న సీతానగరపు రేవున పడవ యెక్కవలెను. వరదకాలమున పడవలు నిలిచిపోయినపుడు రైలొక్కటే దిక్కు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించి, శ్రీబాగు ఒడంబడిక ననుసరించి కర్నూలు రాజధాని కాగా, మరుసటియేడు హైకోర్టు గుంటూరున నెలకొనెను. అప్పటి పరిస్థితి నొకపరి ఊహింపుడు. శ్రీకాకుళమునుండి గాని, కాకినాడనుండి గాని, ఏలూరునుండి గాని వ్యాజ్యమునకై గుంటూరు పోవు కక్షిదారుడు బెజవాడలో చిన్నబండి యెక్కి, వంతెన దాటి, కృష్ణా కెనాలున గుంటూరుదారికి మళ్లవలసినదే. ఉద్యోగపుదరఖాస్తుతోనో, శాసనసభ్యుని దర్శనముకొరకో రాజధానికి పోవువాడును అదే బండిలో గుంటూరు, నంద్యాలలు దాటి, ద్రోణాచలమున బండి మారి కర్నూలు చేరవలెను. ధాత కరువునకు విరుగుడుగా కోస్తాబియ్యమును రాయలసీమకు చేర్చుటకు వేసిన దారియే, ఏడుపదుల యేండ్ల తరువాత కోస్తాజనమును రాయలసీమలోని రాజధానికి చేర్చినది. మద్రాసునుండి విడిపోయిన తెలుగువారి తొలిరాష్ట్రము ఆ మూడేండ్లును ఈ మీటరుగేజి పట్టాల ఆధారమున నడచినదని చెప్పిన అతిశయోక్తి కాజాలదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధానియు హైకోర్టును హైదరాబాదు చేరగా, ఆ జనప్రవాహము ఖాజీపేట దారికి మళ్లెను. అంతకుమునుపే 1952లో పాతఆనకట్టకు గండిపడియుండెను. దానిస్థానమున 1954లో మొదలై 1957లో పూర్తియైన బ్యారేజికి, ఆ యేడే కీర్తిశేషులైన ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. డెబ్బది గేట్లతో నీటిని నిలుపుటయేగాక, బ్యారేజి తన వీపుమీద రోడ్డునుకూడ మోసినది. 1958లో ఆర్టీసీ వెలసినది. గుంటూరునకు బస్సులు గంటగంటకు నడువసాగినవి. 1995లో కనకదుర్గ వారధి వచ్చిన పిదప వానికి లెక్కయే లేదు. ఇటు లారీలు పెరిగినకొలది కాలువలో పడవలు తగ్గి, కడకు లాకుల తలుపులు త్రుప్పుపట్టినవి. 2008లో ఈ జలమార్గమును నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని, సీతానగరమునుండి సరకుపడవ మరల కదలుటను ఇంకను చూడవలసియున్నది.

పాలనలోని మార్పులను త్వరగా చెప్పి ముగించెదను. 1951లో ఎం.ఎస్.ఎం. రైల్వే దక్షిణ రైల్వేలో లీనమైనది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే యేర్పడి విజయవాడ డివిజను దానిలో చేరినది. 1980నాటికి మదరాసుదారిమీద విద్యుత్తుబండ్లు నడచినవి. 1990 తరువాతి దశకమున గుంటూరు-గుంతకల్లు దారి పెద్దగేజిగా మారినది. నల్లమలలో కొత్తదారి వేయగా దొరబావి వంతెన అడవిలో ఒంటరియైనది. 2003లో గుంటూరు డివిజను పుట్టినది.

ఇప్పుడీ స్టేషనుచుట్టును ఊరు పెరిగినది. ఒకనాడు తాడేపల్లిలో ఏ.సి.సి. వారి సిమెంటు కర్మాగారము, నలువైపుల పొలములు, అరటితోటలు. నేడు బహుళఅంతస్తుల భవనములు, మంగళగిరితో కలిసిన నగరపాలనము. అమరావతికి 2015లో శంకుస్థాపన జరిగినపిదప ఉండవల్లి, పెనుమాక గ్రామములు రాజధాని పరిధిలోనికి వచ్చినవి. వానికి చేరువనున్న రైలుస్టేషను ఇదియే. ఉదయపుబండ్లలో తెనాలివైపునుండి పాలక్యాన్లతో వచ్చువారు, దుగ్గిరాల పసుపుసంత వర్తకులు, నాగార్జున విశ్వవిద్యాలయపు విద్యార్థులు, విజయవాడ దుకాణములలో పనిచేయు స్త్రీలు ఒకరి నొకరు ఆనుకొని నిలిచి ప్రయాణము చేయుదురు. 2016 పుష్కరములలో సీతానగరపు ఘట్టములకు వచ్చిన యాత్రికులకు దీని విలువ తెలిసినది. విజయవాడలో దిగి, ఆ జనసమ్మర్దములో రోడ్డువంతెన మరల దాటివచ్చుటకంటె, ఇక్కడ దిగి నడచుట ఎంతసులభమో వారినడిగిన చెప్పుదురు.

2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఎర్రుపాలెమునుండి అమరావతి మీదుగా నంబూరువరకు 57 కిలోమీటర్ల కొత్తదారికి, కృష్ణమీద 3.2 కిలోమీటర్ల కొత్తవంతెనకు అనుమతినిచ్చినది. అది పూర్తియైననాడు హైదరాబాదునుండి గుంటూరు పోవు బండ్లు విజయవాడకు రానక్కరలేదు. కృష్ణా కెనాలు ముఖము చూడనక్కరలేదు. దీనిని కొందరు పాతస్టేషనునకు కీడుగా తలచుచున్నారు. నాకట్లు తోచదు. దూరపుబండ్ల ఒత్తిడి తగ్గినప్పుడే వంతెనమీద చిన్నబండ్లకు చోటు చిక్కును. గుంటూరు, తెనాలి, విజయవాడలను చుట్టి గంటకొక లోకలుబండి నడపగలిగినచో రాజధాని ఉద్యోగికి, కూలికి, విద్యార్థికి ఇంతకంటె చౌకయైన వాహనము వేరులేదు. ఆ బండ్లకు కృష్ణా కెనాలును కూడలిగా తీర్చుటకు కావలసిన స్థలమును ఇప్పుడే భద్రపరుపవలెను. చుట్టునున్న భూమి ధర పెరిగినకొలది ఆ పని కష్టతరమగును.

చదువరులకొక విన్నపము. మీ యింట ఎం.ఎస్.ఎం. రైల్వేనాటి కాలపట్టికలు గాని, టిక్కెట్లు గాని, సీతానగరపు లాకుల పాతఛాయాచిత్రములు గాని, పదవీవిరమణ చేసిన తాతగారి డ్యూటీపుస్తకములు గాని ఉన్నచో పాతకాగితములవానికి వేయకుడు. వాని ప్రతులను విజయవాడ రామమోహన గ్రంథాలయమునకో, మీ ఊరి శాఖాగ్రంథాలయమునకో అందజేయుడు. రైల్వేవారును ఈ స్టేషనుగోడమీద 1855, 1880, 1899 అను మూడు సంవత్సరములను, వాని వెనుకనున్న కథను తెలుగులో వ్రాయించినచో బండికొరకు నిలిచినవారు చదువుకొందురు. వచ్చు భాగమున బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరు పోయిన మీటరుగేజి శాఖను గూర్చి చెప్పుకొందము.